ఎన్నాళ్ళో రాయలేదు

గ్రైండర్లో పిండి లోపలికి తోస్తుంటే ఫోన్ మోగింది. రెండు చేతులూ మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి. మా ఆయన శాంతికుమార్ ఫోన్ తీసి, స్పీకర్ నొక్కి, నా మొహం దగ్గర పట్టుకున్నారు. అవతల మా పాస్టరు ఏసురాజు అయ్యగారు. మా సంఘాల నెల పత్రికకి ఆయనే సంపాదకులు.

"వందనాలు గ్లోరమ్మా. వచ్చే నెల శ్రీకాకుళంలో స్త్రీల సదస్సు ఉంది కదా, దానికి ఒక చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. ఒత్తిడి, అలసట, బర్నవుట్ అంటున్నారు కదా ఇప్పుడు. విశ్వాసురాలు దాన్ని ఎలా జయించాలీ అని ఇరవై పేజీలు. మీరైతే అనుభవంతో రాస్తారు. ఇరవయ్యో తారీకుకి ఇచ్చేయండి, చాలు."

నేను నోరు తెరిచేలోపే "రాస్తాది అయ్యగారూ, ఎందుకు రాయదు" అని మా ఆయన చెప్పేశారు. ఫోన్ పెట్టేశాక నా వంక చూసి, "ఏటలా సూస్తావు? కూకుని రాసుకోడమే కదా" అన్నారు.

కూర్చుని రాసుకోవడమే. ఆ మాట పదకొండేళ్ళుగా వింటున్నాను. నాకు ఎప్పుడు కూర్చునే వీలుందో మాత్రం ఈ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. నాలుగింటికి లేచి, డైనింగ్ టేబుల్ మీద కూరగాయల బుట్ట పక్కకి జరిపి, ఐదుంబావు దాకా రాసేదాన్ని. ఐదుంబావుకి మా అత్త మరిడమ్మ లేచి "ఏటే, నీళ్ళు కాగినాయేటి?" అని అడిగేది. ఆవిడ మోకాళ్ళకి నూనె రాసి, వేడినీళ్ళ గుడ్డ చుట్టి, వంట చేసి, మా ఆయన క్యారేజీ, నా క్యారేజీ కట్టుకుని గజపతినగరం సెంటర్లో ఆటో పట్టుకుంటే ఎనిమిది కిలోమీటర్ల అవతల నా బడి. ఐదు తరగతులకి ఇద్దరం టీచర్లం. రెండో ఆవిడ ప్రసూతి సెలవులో ఉంది. పాఠాలు, మధ్యాహ్న భోజనాల గుడ్ల రిజిస్టరు, ఆన్‌లైన్ రిపోర్టులు అన్నీ నావే. సాయంత్రం ఇంటికొస్తే ఒకరోజు స్త్రీల సమాజం, ఒకరోజు గృహ కూడిక, శనివారం సండేస్కూల్ పాఠాల తయారీ. మా ఆయన రెవెన్యూ ఆఫీసులో పనిచేస్తూ సంఘానికి సెక్రటరీగా ఉన్నారు కాబట్టి గృహ కూడిక ఎక్కువగా మా ఇంట్లోనే. ఆయన వాక్యం చెబుతుంటే నేను వంటింట్లో ఇరవై మందికి టీ వడకడతాను. చివరి ప్రార్థనలో "టీ ఇచ్చిన సహోదరి చేతుల్ని దీవించు ప్రభువా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ గ్లాసులు కూడా ఆ చేతులే కడుగుతాయి.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన రెండో ఏడు అది. అప్పటికి నాకు ఒక అలవాటు పట్టుకుంది. స్నానాల గదిలోకి వెళ్ళి, కొళాయి ధారగా వదిలి, బకెట్టు నిండి పొర్లిపోతున్నా పీట మీద ఊరికే కూర్చునేదాన్ని. ఏడుపు కాదు. ఏమీ అనుకునేదాన్ని కూడా కాదు. నీళ్ళ చప్పుడు ఆగేదాకా నన్నెవరూ పిలవరు, అంతే. గుండె దడదడలాడుతోందని విజయనగరం వెళ్ళి డాక్టరుకి చూపించుకుంటే ఈసీజీ తీసి, ఏమీ లేదు, విశ్రాంతి తీసుకోమన్నాడు. బయటికొచ్చాక మా ఆయన నవ్వారు. "రెస్టంట. బళ్ళో కుర్సీలో కూకోడం రెస్టు కాదేటి? వేసంకాలం సెలవులు రెస్టు కాదేటి?" బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చి, అరటిపళ్ళు కొనిపెట్టారు. చెడ్డ మనిషి కాదు. ఆయన్ని చెడ్డవాడని ఒక్క మాటతో తీసిపారేయగలిగితే నాకు ఇంత ఊపిరాడకుండా ఉండేది కాదేమో.

మొదట్లో రాయమని నాకెవరూ చెప్పలేదు. మా అమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆవిడ పోయిన ఏడాది, ఆవిడ చేతుల వాసన గురించి, డెట్టాలూ పసుపూ కలిసిన ఆ వాసన గురించి నాలుగు పేజీలు రాసి పత్రికకి పంపాను. అది రాసిన రెండు రోజులూ అన్నం ఎప్పుడు తిన్నానో గుర్తులేదు. అచ్చులో చూసుకుని వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత నెలనెలా రాయమన్నారు. తర్వాత "తల్లి మాట" అని ఒక శీర్షిక పెట్టి, పాఠకురాళ్ళ ఉత్తరాలకి జవాబులివ్వమన్నారు. తాగే భర్త, తిట్టే అత్త, పిల్లలు పుట్టని బాధ, అన్నిటికీ నేను జవాబులివ్వాలి. రాసిన ప్రతిదీ ముందు మా ఆయన చదివేవారు. "వాక్యానికి తేడా రాకుండా సూస్తన్నాను" అనేవారు. తరవాత అయ్యగారు చదివేవారు. ఇద్దరూ చదివాక మిగిలిందాని కింద నా పేరు ఉండేది. కొన్నేళ్ళకి వాళ్ళు ఏది తీసేస్తారో నాకు ముందే తెలిసిపోయి, నేనే రాయడం మానేశాను. దాన్ని అందరూ నా రచనలో వచ్చిన పరిపక్వత అన్నారు.

ఈ పుస్తకం మొదలుపెట్టిన నాలుగో రోజు తెల్లారుజామున, 'దేవుని సన్నిధిలో సేదదీరుట' అని శీర్షిక రాసి, కింద ఒక్క వాక్యమూ రాయలేక కూర్చున్నాను. నేను ప్రార్థన చేసి ఎన్నాళ్ళయిందా అని లెక్కపెట్టుకున్నాను. ఏడు నెలలు. కూడికల్లో బయటికి చేశాను, బళ్ళో పిల్లల చేత చేయించాను, అన్నం ముందు పెదవులు కదిపాను. కానీ నా అంతట నేను, నా కోసం, ఒక్క మాట పైకి పంపలేదు. భయమేసింది. మా ఆయన పళ్ళు తోముకుంటూ బయటికొస్తే చెప్పాను.

"ఏవండీ, నేను ప్రార్థన చెయ్యలేకపోతున్నాను."

ఆయన బ్రష్ నోట్లోంచి తీశారు. "ఎవరితోనూ అనకు" అన్నారు. మళ్ళీ వెళ్ళబోతూ ఆగి, "పుస్తకం ఎన్ని పేజీలయింది?" అని అడిగారు.

పూర్తిచేశాను. పాత వ్యాసాల్లోంచి ఇక్కడో పేరా, అక్కడో పేరా తీసి, పాతచీర ముక్కలతో బొంత కుట్టినట్టు కుట్టి ఇరవయ్యో తారీకుకి ఇచ్చేశాను. 'అలసిన స్త్రీకి పన్నెండు మాటలు' అని పేరు పెట్టారు. అట్ట మీద పడవ బొమ్మ. ఐదొందల కాపీలు వేశారు.

సదస్సు రోజు శ్రీకాకుళంలో జనం బాగానే వచ్చారు. పలాస నుంచీ, పార్వతీపురం నుంచీ వ్యాన్లు కట్టుకుని వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాకు శాలువా కప్పే కార్యక్రమం ఉంది. అంతకుముందు హాలు వెనక కొళాయిల దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే ఒకావిడ దగ్గరికొచ్చింది. ముప్పై అయిదు, ముప్పై ఆరు ఏళ్ళుంటాయి. ఎండకి కాలిన మొహం, ఉతికిన మడత నలగని చీర.

"గ్లోరమ్మగారంటే మీరేనేటి?"

అవునన్నాను.

"నానమ్మా, కళింగపట్నం ఎంకటలక్ష్మిని. పోయినేడు మీకు ఉత్తరం రాయించినాను, మా గౌరి సేత. ఎనిమిది సదువుతన్నాది మా గుంట."

నాకు గుర్తులేదు. నెలకి పది ఉత్తరాలొస్తాయి. "బాగున్నారా అమ్మా?" అన్నాను. ఆవిడ తల పక్కకి తిప్పి, మొహం నాకు దగ్గరగా పెట్టింది. సిగ్గేమో అనుకున్నాను.

"ఈ సెవి ఇనపడదమ్మా. ఇటేపు సెప్పండి."

మళ్ళీ అడిగాను. నవ్వింది.

"మీరు రాసినట్టే సేసినానమ్మా. మా ఆయన ఎల్లాజీ తాగొచ్చి కొడితే నోరు మెదపనేదు. ఎదురు సెప్పనేదు. మా యక్క ఇంటికి ఎల్లిపోదామనుకున్నాను గానీ, ఓర్సుకుంటే మొగుడు మారతాడని మీరు రాసినారు కదా, ఎల్లనేదు. మోకాళ్ళ మీద పడి పార్దన సేసుకుంటన్నాను."

"చెవికేమైంది?"

"ఆడే. సంకురాత్రి ముందు. కర్రతో కొట్టీసినాడు. రగతం వొచ్చీసినాది. అప్పుడూ నోరు మెదపనేదమ్మా."

ఆ చివరి మాట ఎలా చెప్పిందంటే, మా బళ్ళో పిల్లలు ఒక్క తప్పూ లేకుండా ఎక్కాలు అప్పజెప్పి నా మొహంలోకి చూస్తారే, అలా. కొళాయి కట్టాననుకున్నాను, కట్టలేదు. ఆవిడే చెయ్యి చాపి కట్టింది.

"ఒకటే అడుగుదారని వొచ్చినాను. ఓర్సుకోమని రాసినారు, బాగుంది. ఎన్నాళ్ళో రాయనేదు. ఎన్నాళ్ళమ్మా?"

కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నాకు తెలిసి ఉంటుందనుకుంది. అదే సమయానికి లోపలి నుంచి మైకులో నా పేరు పిలిచారు. "ప్రార్థన చేస్తానమ్మా" అన్నాను. అబద్ధం. శాలువా కప్పుతుంటే ఫొటోకి నవ్వాను కూడా. ఆ ఫొటో మా ఆయన వాట్సప్‌లో అందరికీ పంపారు.

ఇంటికొచ్చాక మంచం కింద అట్టపెట్టెలోంచి పాత పత్రికలు తీసి వెతికాను. దొరికింది. అర పేజీ. 'కళింగపట్నం సోదరికి' అని ఉంది. సాత్వికమైన భార్య మౌనం వెయ్యి ప్రసంగాలకంటే గొప్పదని రాశాను. చదువుతుంటే ఆ రోజు గుర్తొచ్చింది. నలభై నిమిషాల్లో రాశానది. మొదట ఇంకో వాక్యం ఉండేది: 'ప్రాణానికి ప్రమాదమనిపిస్తే ఇల్లు విడిచి రావడం పాపం కాదు.' మా ఆయన చదివి, "ఇది అయ్యగారు ఒప్పుకోరు, కాపురాలు కూలదోస్తన్నామంటారు" అన్నారు. కుక్కరు కూత వేసింది. వాదించే ఓపిక లేదు. పెన్నుతో ఆ వాక్యం మీద గీత పెట్టేసి వెళ్ళి పొయ్యి కట్టేశాను. కొట్టెయ్యమన్నది ఆయనే అయినా, కొట్టేసింది నా చెయ్యే. అంత అలసిపోయి ఉన్నప్పుడు ఏది రాసినా, ఏది కొట్టేసినా ఒకటే అనిపిస్తుంది. నా అలసట నన్నే తింటోందనుకున్నాను ఇన్నాళ్ళూ. అది వెళ్ళి ఎక్కడో సముద్రం ఒడ్డున ఇంకో ఆడదాని చెవి తినేసింది.

మర్నాడు పొద్దున్న మా ఆయనతో చెప్పాను, పత్రికలో దిద్దుబాటు వెయ్యాలని. నేనిచ్చిన జవాబు తప్పని రాస్తానన్నాను.

"తప్పని నువ్వే ఒప్పుకుంటే సంఘం పరువేటవుతాది? నా పరువేటవుతాది? అయినా ఆణ్ణి కొట్టమని నువ్వు రాసేవేటి?"

"కొట్టించుకోమని రాశాను."

ఆయన తినడం ఆపి, "నీకు ఒంట్లో బాగోనేదు" అన్నారు. అయ్యగారికి నేనే ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "మీరు అలసిపోయారు గ్లోరమ్మా. ఇది సాతాను కలిగించే నిరుత్సాహం. మీరు రాసిన పుస్తకమే ఒకసారి మీరు చదువుకోండి" అన్నారు. వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అన్నారు.

ఆ వారమంతా బళ్ళో హాజరు పిలుస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలే "టీచర్, తరవాత నాను" అని అందించేవాళ్ళు.

ఆదివారం ఉదయం మా ఆయన బెంచీలు సర్దించడానికని ముందే గుడికి వెళ్ళారు. నేను వంట చేసి, చీర కట్టుకుని, సంచీ తీసుకుని బయల్దేరాను. మా అత్త అరుగు మీద కూర్చుని ఉంది.

"సేతిలో బైబిలు నేదు, ఎక్కడికే?"

"కళింగపట్నం."

"ఆరాధన మానీసా?"

"అవునత్తా."

విజయనగరంలో బస్సు మారి, శ్రీకాకుళం కాంప్లెక్సులో ఇంకో బస్సు ఎక్కి దిగేసరికి పదకొండు దాటింది. అడుగుతూ వెళ్తే వాళ్ళ ఇల్లు చూపించారు. వెంకటలక్ష్మి ఒడ్డున వలపట్టా మీద నెత్తళ్ళు ఎండబోస్తోంది. నన్ను చూసి లేచి, చేతులు చీరకి తుడుచుకుని, ఆదివారం నాడు నేనెందుకొచ్చానో తెలియక నిలబడిపోయింది. వినపడే చెవి వైపు వెళ్ళి చెప్పాను.

"అమ్మా, నేను మీకు రాసింది తప్పు. మీరు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కరోజు కూడా ఓర్చుకోనక్కర్లేదు. అప్పుడే మీ అక్క ఇంటికి వెళ్ళిపోయుండాల్సింది."

ఆవిడ మళ్ళీ కూర్చుని చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ లేవు.

"తప్పని మీరొచ్చి నా సెవిలో సెప్తే నాకేటి లాబమమ్మా" అంది చివరికి. "దెబ్బలు తిన్నదాన్ని, నాకు తెలీదేటి? మీ కాగితం కోసి మా ఆయన గోడకి అంటించినాడు. ఎల్లిపోతానన్నప్పుడల్లా సంఘపెద్దని పిలిసి అది సదివిస్తాడు. కింద మీ పేరుంది కదా, మా అమ్మోళ్ళు కూడా నోరు మూసుకుంటన్నారు. మాటలొద్దు. ఇంకో కాగితం రాయండి. దాని కిందా మీ పేరే పెట్టండి."

గౌరి తన రూళ్ళ నోటుపుస్తకం తెచ్చి మధ్య పేజీ చింపి ఇచ్చింది. ఎండలో, తిరగేసిన తెప్ప మీద కూర్చుని రాశాను. 'పోయిన ఏడు పత్రికలో వెంకటలక్ష్మిగారికి నేనిచ్చిన జవాబు తప్పు. కొట్టే భర్త దగ్గర ఉండమని ఏ స్త్రీకీ చెప్పే హక్కు నాకు లేదు, ఆ మాట పట్టుకుని చెప్పే హక్కు ఇంకెవరికీ లేదు. ఆమె తన అక్క ఇంటికి వెళ్ళడం పాపం కాదు. అడ్డుపడితే పోలీసుల దగ్గరికి ఆమెతోపాటు నేనూ వస్తాను.' కింద నా పేరు, బడి పేరు, ఫోన్ నంబరు. ఇంకో కాపీ కూడా రాశాను, సంఘపెద్దకి. ఎవరు ఏది తీసేస్తారో అని ఒక్క మాట దగ్గరా ఆగలేదు. వెంకటలక్ష్మి గౌరి చేత రెండుసార్లు చదివించుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"అన్నం తిని ఎల్తారేటి?" అంది. తిన్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఇంకొకరు వడ్డిస్తే కూర్చుని తిన్నాను.

సాయంత్రం ఇంటికి చేరేసరికి పొద్దుటి గిన్నెలన్నీ సింకులో అలాగే ఉన్నాయి. మా ఆయన నాతో మాట్లాడలేదు. నేను గిన్నెలు కడిగాను, మర్నాటికి క్యారేజీలు కట్టాను. ఒక్క పూటలో ఏమీ మారిపోదు. ఆ రోజు నుంచి నాలుగింటికి లేవడం మాత్రం మానేశాను.

పది రోజులకి గౌరి ఫోన్ చేసింది. వాళ్ళిద్దరూ భావనపాడులో పెద్దమ్మ ఇంట్లో ఉన్నారట. సంఘపెద్ద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, "రెండిటికిందా ఒకే పేరుంటే నానేటి సెప్పను" అని లేచిపోయాడట. ఎల్లాజీ మాత్రం ఊరుకోలేదు. కాగితం ఫొటో తీయించి మా అయ్యగారికి పంపించాడు.

రెండో శనివారం, బడికి సెలవు. పొద్దున్న పదకొండు గంటలకి అయ్యగారు మా ఇంటికొచ్చారు. మా ఆయన కుర్చీ వేశారు. నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమన్నారు. టీపాయ్ మీద తెల్లకాగితం, పెన్ను ముందే పెట్టి ఉన్నాయి.

"పత్రికలో మీ శీర్షిక అలాగే ఉంటుంది గ్లోరమ్మా, ఎవరూ తీసెయ్యరు" అన్నారు అయ్యగారు మెల్లగా. "చిన్న వివరణ ఒకటి రాసివ్వండి చాలు. ఆ ఉత్తరం నేను శారీరక బలహీనతలో, మానసిక ఒత్తిడిలో రాశాను, దాన్ని పరిగణించవద్దు అని. అందరూ అర్థం చేసుకుంటారు. అలసట ఎవరికైనా వస్తుంది కదా."

"రాసీ" అన్నారు మా ఆయన. "నాలుగు లైన్లే కదా. నేను సదువుతాను."

మా అత్త గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. ముగ్గురూ నా చేతి వంకే చూస్తున్నారు. రాసేస్తే అయిపోతుంది. ఈ ఇంట్లో మళ్ళీ మాటలు మొదలవుతాయి, రేపు గుడిలో ఆడవాళ్ళు నా పక్కన కూర్చుంటారు. నాకు ఆ శాంతి ఎంత కావాలనిపించిందో చెప్పలేను. పెన్ను తీసుకున్నాను కూడా. మళ్ళీ కాగితం మీద అడ్డంగా పెట్టేశాను.

"అయ్యగారూ," అన్నాను, "బలహీనతలో రాసింది ఆ ఉత్తరం కాదు. పదకొండేళ్ళుగా మీకు పంపించినవన్నీ."

లేచి లోపలికి వెళ్ళి, పట్టపగలు, తలుపు వేసుకుని పడుకున్నాను.